నడవలో దీపం

వర్లీ బీడీడీ చాళ్లలో పెరిగినవాళ్లకు నడవ అంటే ఏమిటో చెప్పక్కర లేదు. 1920ల్లో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించిన చాళ్లు. అంతస్తుకు 20 ఖోలీలు, ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు, మధ్యలో పొడుగాటి నడవ. పగలు కూడా మసక చీకటే. అయినా భయం ఉండేది కాదు. ఏదో ఒక తలుపు తెరిచే ఉండేది, ఆ వెలుతురు గడప దాటి బయట పడేది. నాయనకు మిల్లులో రెండో పాళీ ఉంటే రాత్రి పన్నెండుకు దిగేవాడు. ఆయన వచ్చేదాకా అమ్మ తలుపు ఓరగా వేసి, బల్బు ఆర్పకుండ కూసునేది.

చాళ్లు తీసి కొత్త బిల్డింగులు కట్టినప్పుడు మాకు 500 చదరపు అడుగుల ఫ్లాట్ వచ్చింది. అందులోనూ ఒక నడవ ఉంది. హాల్ నుంచి పడకగదికి, బాత్రూమ్‌కు పోయే పది పన్నెండు అడుగుల దారి. కిటికీ లేదు. నేను తొందరపడి నడుమ 20 వాట్ల తెల్ల లైటు పెట్టించిన. స్విచ్ హాల్ వైపు ఒక్కటే.

నాయన పోయి ఏండ్లైనా అమ్మకు పన్నెండుకు మెలకువ వస్తది. అట్ల లేచిన ఒక రాత్రి నడవలో జారిపడ్డది. మణికట్టు విరిగింది.

"లైటు ఏసుకోకపోయినవా అమ్మా?" అన్న.

"స్విచ్చు ఆ కొసకుండె. ఏస్తే కండ్లల్ల పొడుస్తది బిడ్డా. మీ నిద్ర చెడగొట్టుడెందుకని అట్లనే నడిచిన."

మరునాడు లోహార్ చాల్ బజారుకు పోయిన. క్రాఫర్డ్ మార్కెట్ దగ్గర, సందులన్నీ కరెంటు సామాను దుకాణాలే. మంచి లైటు చూపించమంటే దుకాణంల పెద్దమనిషి, "రాత్రిపూట అక్కడ నడిచేదెవరు?" అని అడిగిండు. ఆ మాట నేను ముందే అనుకోవలసింది.

ఆయన చెప్పినట్టే చేసినం. పైన 5 వాట్ల పసుపు వెలుగు ఎల్‌ఈడీ, దానికి పాలరంగు మూత. డబ్బా మీద 2700కె గానీ 3000కె గానీ ఉంటే పసుపు వెలుగు, 6500కె ఉంటే తెలుపు. పసుపైతే నున్నటి టైల్స్ మీద పడ్డా అంతగా కొట్టదు. నడవకు రెండు కొసలా టూ-వే స్విచ్చులు పెట్టించినం, ఎటునుంచి వచ్చినా వేసుకోవచ్చు, ఆర్పుకోవచ్చు. బాత్రూమ్ తలుపు పక్కన, నేల నుంచి అడుగు ఎత్తున ఒక వాటు చిన్న దీపం. అది రాత్రికి పది గంటలు వెలిగినా నెలకు 0.3 యూనిటే. మన పాత జీరో బల్బు పేరుకే జీరో, తినేది 12 నుంచి 15 వాట్లు.

గోడ మళ్లీ చెక్కించి వైరు వేయించుడే ఎక్కువ ఖర్చయింది. కొత్త ఇండ్లకు మారేవాళ్లు ప్లాస్టరు కాకముందే టూ-వే వైరింగు అడుగుండ్రి. ఇంట్ల ముసలోళ్లను ఒకసారి రాత్రిపూట నడవమని, వాళ్ల ఎనుక నడిచి చూసి, ఆ తర్వాతనే లైటు కొనుండ్రి.

అమ్మ చెయ్యి అతుక్కుంది. ఇప్పటికీ పన్నెండుకు లేస్తది. పై లైటు వెయ్యదు, కింది దీపమే చాలంటది.