మా వాడి పాటలు – నా నోటుబుక్కు

"నలభై అయిదేళ్ళ వయసులో ఇదేం పిచ్చే నీకు?" అని మా వారు నవ్వుతుంటారు. పాల పద్దు రాసుకునే నోటుబుక్కులో వెనకవైపు పేజీల్లో నేను పాటల్లోని మాటలు రాసుకుంటున్నాను మరి. భక్తిపాటలు కాదండోయ్, మా అబ్బాయి వినే ర్యాప్ పాటలు! ఎందుకో చెబితే మీరు మాత్రం నవ్వరనే నమ్మకంతో ఇది రాస్తున్నాను.

సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో మా ఇల్లు. కిందటి వేసవిలో ఓ సాయంత్రం వడియాలు తీయడానికి డాబా మీదకి వెళ్ళాను. మా వాడూ, వాడి స్నేహితులూ సెల్‌ఫోన్‌లో పాట పెట్టుకుని పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నారు. కింద సందులో ఓ అమ్మాయి ట్యూషన్ నుంచి వెళుతోంది. పాటలో ఆడదాన్ని తిట్టే మాట రాగానే అందరూ ఆ పిల్లకి వినబడేలా గొంతు కలిపారు. ఆ పిల్ల తల వంచుకుని, చున్నీ సర్దుకుని గబగబా నడిచింది.

ఆ నడక నాకు తెలుసు. ఒకప్పుడు అది నా నడకే.

1997లో నేను ఇంటర్ చదివేటప్పుడు బస్టాపులో కుర్రాళ్ళు సినిమా పాటలు పాడేవారు. వెంటపడి ఏడిపిస్తే హీరోయిన్ చివరికి హీరోనే ప్రేమిస్తుందని సినిమాలు నేర్పాయి కదా! ఆ సంగతి మా నాన్నగారి చెవిన పడింది. ఆ కుర్రాళ్ళని ఒక్క మాట అనలేదు. "ఇంక చదివింది చాలు" అని నాతో అన్నారు. నింపి పెట్టుకున్న బి.కాం. అప్లికేషన్ బీరువాలోనే ఉండిపోయింది.

ఆ రాత్రి మా వాణ్ణి తిట్టబోయి ఆగాను. "నీకేం తెలుసమ్మా" అంటే ఏం చెప్పను? ముందు తెలుసుకుందామని డిగ్రీ చదివే మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

ఎన్ని సంగతులు తెలిశాయో! ఈ హిప్‌హాప్ పుట్టింది 1973 ఆగస్టు 11న, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లోనట. సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి స్కూలు బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కోసం పార్టీ పెట్టింది. ఆడపిల్లలకి టికెట్ పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు. రికార్డులు వేసింది వాళ్ళన్న. ఆడపిల్ల పూనుకుంటే పుట్టిన పాట, ఆడపిల్లని తిట్టే పాట ఎలా అయ్యింది? 1993లో క్వీన్ లతీఫా అనే గాయని ఆ తిట్ల మీద ర్యాప్‌తోనే తిరగబడింది. ఆ పాటకి 1995లో గ్రామీ అవార్డు కూడా వచ్చింది. 2004లో అట్లాంటాలోని స్పెల్మన్ కాలేజీ అమ్మాయిలు నెల్లీ అనే ర్యాప్ గాయకుణ్ణి, ఆ వీడియోలో ఆడవాళ్ళని అలా ఎందుకు చూపించావో వచ్చి మాతో మాట్లాడమని అడిగారు. పాటల్ని నిషేధించమనలేదు, జవాబు చెప్పమన్నారు. అది నాకు నచ్చింది.

మన దగ్గరా 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లో అసభ్యమైన స్టెప్పులు వద్దని హెచ్చరించింది. మంచిదే. కానీ కమిషన్ మా డాబా మీదకి రాదు కదండీ!

నిజం చెప్పొద్దూ, వంట చేస్తూ నేను కూనిరాగం తీసే పాత సినిమా పాటల్ని కూడా నోటుబుక్కులో రాసి చూశాను. తిట్లు లేవు గానీ, వద్దన్న పిల్ల వెంటపడటం వాటిల్లోనూ సరసమే. అందుకే "మీ కాలం చెడిపోయింది" అని మా వాడితో అనలేకపోయాను.

అన్నం పెట్టేటప్పుడు డాబా సంగతి ఎత్తాను. "పాటే కదమ్మా, ఊరికే" అన్నాడు. అప్పుడు బీరువాలోని అప్లికేషన్ సంగతి చెప్పాను. అంతకు ముందు పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు. వాడు తలెత్తకుండా అన్నం తిని, కంచం తీసి లేచి వెళ్ళిపోయాడు.

ర్యాప్ మానలేదు, నేను మానమనలేదు. కానీ మొన్న ఒక పాట మధ్యలో తనే ఆపి, "అమ్మా, ఈ మాట నీ బుక్కులో ఉందా?" అన్నాడు.

"లేదు, చెప్పు, రాసుకుంటా" అన్నాను.

ఆ అప్లికేషన్ కాగితం పసుపుపచ్చగా అయిపోయింది. పారేయలేదు. మీ ఇంట్లో మోగే పాటల్ని మీరూ ఓ పూట, చేతిలో పని పక్కన పెట్టి వినండి. ఏ ఆడపిల్ల చదువు ఏ పాట దగ్గర ఆగిపోతోందో ఎవరికి తెలుసు?