గీత తర్వాత అంకె

బావ చిట్టీ పాడి తెచ్చిన 15 వేలు. ఉస్మానియాలో పీజీ చేరిన మా అక్క కూతురికి అందులోనే ల్యాప్‌టాప్ రావాలి. నాచారం నుంచి తనొచ్చింది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగాం, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి.

"ఐ7 మేడమ్, మెరుపే!" అన్నాడు కొట్టతను. నాకూ ఆశ పుట్టింది.

"గీత తర్వాత అంకె చూడు పిన్నీ. 6600, అంటే ఆరో తరం. రెండే కోర్లు."

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్‌లో విండోస్ 11కి పనికొచ్చేవి దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. పక్క కొట్లో ఐ5-8250 దొరికింది, నాలుగు కోర్లు. మూత నిండా గీతలే. అయితేనేం, ప్రతి కీ నొక్కి చూసింది, ఛార్జర్ పీకేసి అరగంట నడిపింది. బేరం మాత్రం నాదే!

బ్యాటరీ గంటన్నరకు మించి రాదట. లైబ్రరీలో ప్లగ్గు పక్క కుర్చీ కోసం పొద్దున్నే బయల్దేరాలి మరి.