ప్రతిధ్వని నేర్పిన పాఠము

మన పాఠశాల ప్రార్థనాశాల పొడవైనది. గోడలు రాతివి, కప్పు మిక్కిలి ఎత్తు. గత సంవత్సరమొక ఉదయమున నేనచ్చట వాక్యభాగమును చదివి, దానిపై ప్రశ్న వేసితిని. వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, "మాస్టరుగారూ, మాటలు తెలియలేదండి" అనెను. "మనస్సు నిలుపని వానికి మాటలెట్లు తెలియును?" అని అందరియెదుట అతనిని మందలించితిని. అతడు తలవంచుకొని కూర్చుండెను.

ఆ వారముననే అదే శాలలో వైఫై మూలమున చలనచిత్ర పాఠమును చూప బూనితిమి. పరికరము సమీపముననే యున్నను చిత్రము మాటిమాటికి నిలిచిపోయెను. కంప్యూటరును నాలుగు వ్రేళ్ల మేర జరుపగానే పాఠము సాగెను. ఆశ్చర్యపడి, కారణమును పుస్తకములలో వెదకితిని.

రేడియో తరంగములు కొన్ని నేరుగా వచ్చును. కొన్ని గోడలకును ఇనుప బీరువాలకును తగిలి, ప్రతిధ్వనులవలె ఆలస్యముగా చేరును. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము నిడివి సుమారు 12.5 సెంటీమీటర్లు మాత్రమే. కావున దారులలో కొలది సెంటీమీటర్ల భేదము కలిగినను ఒకదాని శృంగము మరియొకదాని ద్రోణిపై బడి, రెండును క్షీణింపవచ్చును. అంతియ గాక, సంకేతములను అతివేగముగా పంపినచో ముందుదాని ప్రతిధ్వని తరువాతిదానితో కలిసి, రెండును అస్పష్టమగును.

ఈ చిక్కును విడదీయుటకై ఆస్ట్రేలియా దేశపు సి.ఎస్.ఐ.ఆర్.ఓ. సంస్థలో జాన్ ఓసలివన్ మొదలగు శాస్త్రజ్ఞులు కృషిచేసి, 1992లో తమ పద్ధతికి పేటెంటు కోరిరి. 1999 నాటి 802.11ఎ ప్రమాణములో, వడిగా పరుగెత్తు సమాచారమును 48 మెల్లని పాయలుగా చీల్చి ఏకకాలమున పంపుదురు. ఒక్కొక్క సంకేతమునకు 4 మైక్రోసెకన్లు. అందు మొదటి 0.8 మైక్రోసెకనును గ్రాహకము విడిచిపెట్టును. ఆ స్వల్పకాలములో తరంగము 240 మీటర్లు పోగలదు గనుక, గదిలోని పాత ప్రతిధ్వనులు అంతలో అణగిపోవును.

ఇది చదువుచుండగా ఆ బాలుని ముఖము నాకు జ్ఞప్తికి వచ్చెను. ఆ సాయంకాలమున అతని బల్లపై నేను కూర్చుండి, సహోపాధ్యాయుని నావలెనే వడిగా చదువుమంటిని. ధ్వని వినబడెను గాని, ఒక్క వాక్యమైనను తెలియలేదు!

మరునాడు అందరియెదుటనే, "నాయనా, తప్పు నీది కాదు, నాది, నన్ను క్షమింపుము" అంటిని. నాటి నుండి మెల్లగా చదువుచు, ప్రతి వాక్యము వెనుకను కొంచెము తడవు ఆగుచున్నాను. ఆ బాలుడిప్పుడును వెనుక వరుసలోనే కూర్చుండును. ప్రశ్న వేయగానే మొదట లేచువాడు అతడే.