గోడ చదివిన బడిపంతులు

సిక్కోలు చరిత్ర గురించి ఎవరు అడిగినా, నేను ముందు రాజమండ్రి పేరు చెబుతాను. విచిత్రంగా ఉందా? 1922లో అక్కడ ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. భావరాజు వేంకట కృష్ణారావు, రాళ్లబండి సుబ్బారావు లాంటివాళ్లు దాన్ని నడిపించారు. 1930లో ఆ మండలి మన కళింగ చరిత్ర మీద ఓ పెద్ద సంచికే వేసింది. ఇవాళ రాజమండ్రి మ్యూజియానికి ఉన్నది సుబ్బారావు గారి పేరే.

మరి మనవైపు? ఆ మండలి పుట్టకముందే మనకో బడిపంతులు ఉన్నారు. వాడుక భాష అనగానే గుర్తొచ్చే గిడుగు రామమూర్తి గారే! శ్రీముఖలింగం గుడిలో శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. 1919లో శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చిందీ ఆయనే.

సంఘమన్నాక అధ్యక్షుడు, కార్యదర్శి ఉండాల్సిందే. పుస్తకం అచ్చవ్వాలన్నా, దొరికిన విగ్రహం భద్రంగా ఉండాలన్నా పదిమంది కలవాలి. కానీ అంతకంటే ముందు, గోడ దగ్గర ఆగి చదివేవాళ్లు ఒక్కరైనా కావాలి. ముఖలింగం వెళ్తే మనమంతా ఫొటోలు దిగుతాం. వెనకున్న అక్షరాలూ ఫొటోలో పడతాయి. వాటిని చదవగలిగే కుర్రాళ్లు మన జిల్లాల్లో నలుగురు తయారైతే చాలు, మండలి దానంతటదే పుడుతుంది.