నాయన వ్రాతలు తెరుచుకున్న రోజు

మా నాయన బడిపంతులు. పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు చదువు చెప్పిన జ్ఞాపకాలన్నీ రెండు నోటుపుస్తకాల్లో వ్రాసిపెట్టారు. 1999లో హిందూపురంలో డి.టి.పి. చేయించాం. అచ్చుకు డబ్బు చాలక రెండు ఫ్లాపీలు తెచ్చి బీరువాలో దాచుకున్నాం. 2004లో నాయన ప్రభువునందు నిద్రించారు. నోటుపుస్తకాలు చెదల పాలయ్యాయి. ఈ మధ్య అమ్మకు ఎనభై ఏండ్లు నిండాయి. పెనుకొండలో తమ్ముడి ఇంట్లో ఉంటుంది. "మీ నాయన రాసింది ఒక్కసారి చదివి వినిపించండ్రా" అని అడిగింది.

ఇప్పటి కంప్యూటర్లలో ఫ్లాపీ పెట్టే చోటే లేదు. విడిగా ఒక డ్రైవు తెప్పించి మొదటి ఫ్లాపీ పెట్టగానే, "ఫార్మాట్ చేయాలా?" అని తెరమీద వచ్చింది. మా అబ్బాయి 'యెస్' నొక్కబోతుంటే చెయ్యి పట్టుకొని ఆపాం. నొక్కి ఉంటే నాయన మాటలు పోయినట్లే! యంత్రానికి చదవడం చేతకానప్పుడు కూడా ఆ ప్రశ్న వేస్తుంది. మీకెప్పుడైనా అది ఎదురైతే 'నో' అనండి. ఫ్లాపీ మూలనున్న చిన్న బిళ్ళను జరిపి రంధ్రం తెరిచాం. అలా చేస్తే దానిమీద కొత్తగా ఏదీ వ్రాయబడదు. నాలుగోసారి పెట్టినప్పుడు చదివింది. వెంటనే ఫైలును కంప్యూటరులోకి కాపీ చేసి, ఆ కాపీతోనే పని మొదలుపెట్టాం.

అయినా తెరుచుకోలేదు. తెలిసినవారొకరు ఫైలు పేరు చివర మార్చి చూడమన్నారు. బియ్యం మూటమీద చక్కెర అని వ్రాస్తే లోపల చక్కెర అవుతుందా? అది పేజ్‌మేకర్ 6.5లో చేసిన ఫైలు. 2001లో వచ్చిన 7.0తో ఆ ప్రోగ్రాము ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ కూడా సి.ఎస్.6 వరకే ఆ ఫైళ్ళను తెరిచేది.

ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే ఒక అబ్బాయి దగ్గర పాత ఎక్స్‌పీ కంప్యూటరు ఉందని తెలిసి రైలెక్కాం. "దీన్ని పారేయమని ఇంట్లో పోరుతుంటారన్నా. నా పాత డిజైన్లు దీంట్లోనే తెరుచుకుంటాయి, యాడ పారేసేది?" అన్నాడు. అతని దగ్గర పేజ్‌మేకర్ కూడా ఉంది. ఫైలు తెరుచుకుంది గాని, తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. మా ప్రాణం ఉసూరుమంది.

"తొందరపడొద్దన్నా, అను ఫాంటు లేదు, అంతే" అన్నాడతను. ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే మన తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలుగా అమర్చేవి. ఫాంటు లేకపోతే కింద ఉన్న ఇంగ్లీషే బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత సంఖ్య ఉంటుంది. ఎదురుగా ఉన్న ప్రెస్సువారి దగ్గర ఆ ఫాంటు దొరికింది. వేయగానే నాయన పేరు పెద్ద అక్షరాల్లో కనిపించింది. ఆ అబ్బాయి లేచి మాకు కుర్చీ ఇచ్చాడు.

అక్కడే ప్రింటు తీసుకున్నాం. తర్వాత మార్చే సాఫ్ట్‌వేరుతో యూనికోడ్‌లోకి తెచ్చి, చెదిరిన ఒత్తులను ఆ కాగితాలతో పోల్చి సరిచేశాం.

రెండో ఫ్లాపీ మాత్రం గరగరమనడమే గాని చదవలేదు. తిరుగు ప్రయాణంలో పెనుకొండలో దిగి అమ్మకు దొరికినంతవరకు చదివి వినిపించాం. ఒకచోట ఆపి, "ఆ ఏడు బడికి కప్పే లేదు, మీ నాయన అది రాయలేదా?" అంది. మిగతాది తనే చెబుతోంది. తమ్ముడి కూతురు పక్కన కూర్చొని టైపు చేస్తోంది.