గాలిని కదిలించే రెండు పద్ధతులు

పాటను వినడం వేరు, పాడుతున్న మనిషిని వినడం వేరు. ఈ తేడా ఎక్కడుందని అడిగితే గొంతులో అని కొందరు, రికార్డింగులో అని కొందరు అంటారు. స్పీకరును కూడా ఆ లెక్కలో చేర్చమని నా మనవి. పాఠకమిత్రులు నవ్వవచ్చు గాని, నేను కావలసినంత ఆలోచించే ఈ మాట అంటున్నాను.

మన ఇళ్ళలో, సినిమాహాళ్ళలో, ఆఖరికి జేబులోని ఫోనులో మోగేవన్నీ దాదాపు ఒకే జాతివి. అయస్కాంతం నడుమ తీగచుట్ట, దానికి అతికించిన కోను. తీగచుట్టలో కరెంటు మారినప్పుడల్లా అది ముందుకూ వెనక్కూ ఆడుతుంది, కోను గాలిని నెడుతుంది. అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు 1925లో దీనికిచ్చిన రూపమే ఇంచుమించు ఇప్పటికీ నడుస్తోంది. చిక్కల్లా ఒకటే. బలం పనిచేసేది మధ్యలో. అంచు ఆ కదలికను అందుకునేసరికి ఆలస్యమవుతుంది. తారస్థాయిలో కోను ఒక్క ముక్కగా కదలక తనలో తాను వణుకుతుంది.

ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరులో అయస్కాంతమే లేదు. చిల్లులున్న రెండు పలకలు, వాటి నడుమ వెంట్రుకకన్నా పలుచని ప్లాస్టిక్ పొర. పొరకు కొన్ని వేల వోల్టులు ఇస్తారు. పాట తాలూకు వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మరుతో పెంచి పలకలకిస్తే ఒకటి లాగుతుంది, రెండోది నెడుతుంది. మనం చదివిన కూలుంబు సూత్రమే! కర్రతో ఒక్క దుబ్బును నెట్టడానికీ, పైరగాలికి మడి మొత్తం ఒక్కసారి వంగడానికీ ఉన్న తేడా అది. ఇంగ్లండులో పీటర్ వాకర్ 'క్వాడ్' పేరుతో 1957లో అమ్మకానికి తెచ్చిన జతలను ఇప్పటికీ మరమ్మతు చేయించుకుని వినేవాళ్ళున్నారు.

అలాంటి జత ఒకటి నగరంలో ఒక పెద్దాయన ఇంట్లో ఉందని తెలిసి కిందటి వేసవిలో వెళ్ళాను. ఉత్త చేతులతో వెళ్ళలేదు. మా నాయనమ్మ పాడిన నాట్ల పాటలు బాబాయి ఎప్పుడో టేపురికార్డరులో పట్టి ఉంచాడు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆ క్యాసెట్టు పట్టుకెళ్ళాను. మా ఇంట్లో వింటే అందులో ఉండేది గొంతొక్కటే. ఆ రోజు చరణానికీ చరణానికీ మధ్య ఆవిడ ఊపిరి తీసుకోవడం వినిపించింది. చేతి గాజులు కదిలిన చప్పుడు వినిపించింది. కాసేపు నాకు మాట రాలేదు. పెద్దాయనా ఏమీ అడగలేదు.

ఊరెళ్ళి చెబితే నాన్న అంతా విని, "ఎంతవుద్దిరా?" అన్నాడు. చెప్పాను. కౌలు డబ్బు కట్టేటప్పటి మొహం పెట్టాడు. కాసేపాగి ఇంకోటి అడిగాడు. "అరుగు మీద నలుగురం కూర్చుంటే నలుగురికీ అట్లాగే వినపడుద్దా?"

వినపడదు. అంత వెడల్పు పొర నుంచి వచ్చే తారస్వరాలు టార్చిలైటు వెలుగులాగా ఎదురుగానే పోతాయి. మధ్య కుర్చీవాడిదే భోగం. పక్కకు జరిగితే సగం పోయినట్టే. క్వాడ్ వారు పలకలను వలయాలుగా విడదీసి, బయటి వలయాలకు శబ్దం కొంచెం ఆలస్యంగా అందేలా చేసి, 1981లో మరో నమూనా తెచ్చారు. అది కొంత నయం. మంద్రస్వరాల సంగతి మరీ కష్టం. పొర ముందుకు నెట్టిన గాలి అంచు చుట్టూ తిరిగి, వెనుక ఖాళీ అయిన చోటికి జారిపోతుంది. 50 హెర్ట్జుల ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. మీటరు వెడల్పైనా లేని పలక దాన్నేం ఆపుతుంది? గట్టు లేని మడిలో నీరు నిలుస్తుందా? మామూలు స్పీకరు వెనకుండే చెక్కపెట్టె ఆ గట్టే. అందుకే కొందరు తయారీదార్లు పైన పొర, కింద కోను పెట్టి రాజీ కుదిర్చారు. పైగా వేల వోల్టుల పొర దుమ్మును పిలిచి మరీ అంటించుకుంటుంది. నూర్పిళ్ళ రోజుల్లో మా ఇంటి దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు.

ఒక్కడే కూర్చుని గొంతునో వీణనో వినదలచినవాడికి పొరను మించింది లేదని నా అభిప్రాయం. నలుగురు తిరిగే ఇంట్లో, డప్పు డప్పులా మోగాలంటే మాత్రం కోనే.

సెలవుల్లో ఎనిమిదంగుళాల కోను కొని ప్లైవుడ్డుతో పెట్టె కట్టాను. మూలన పెడితే గుయ్యిమంటోందని గోడకు రెండడుగులు ఎడంగా, చెవి ఎత్తున బల్లమీద పెట్టాను. నాయనమ్మ ఊపిరి కొంచెం తెలుస్తోంది. గాజులు ఇంకా లేవు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఒక చిన్న ట్వీటరు తగిలించాలి.