స్టీరింగు వదులైతే

జగిత్యాల నుండి లక్షెట్టిపేట ఆరాధనకు వెళ్తుండగా, రాయపట్నం గోదావరి వంతెన మీద మా పాత అంబాసిడర్ ఎడమకు లాగింది. పిల్లలు కేక వేశారు. దేవుడు కాపాడాడు. స్టీరింగు వదులైనా, నెలల తరబడి మేము రోడ్డు గతుకులనే నిందించాము.

మెకానిక్ ముందు టైర్లలో గాలి చూశాడు, సరిగానే ఉంది. మమ్మల్ని స్టీరింగు అటూ ఇటూ కదపమని, తాను బండి క్రింద పడుకున్నాడు. "అయ్యగారూ, మీరు తిప్పినా టైరు కదుల్తలేదు. టైరాడ్ ఎండ్ అరిగింది" అన్నాడు. అది మార్చి, అలైన్‌మెంట్ చేయించాము.

సీటులో కూర్చున్న మాకు కనబడనిది క్రిందనుండి చూసినవానికి కనబడింది. నాలుకను గూర్చి చెబుతూ యాకోబు ఓడ చుక్కానిని చూపించాడు గదా! మా మాట కరుకైందని ఇంట్లో అన్నప్పుడల్లా అలసట అని తప్పించుకున్నాము. ఆ రాత్రి, మాలో ఏది అరిగిందో చెప్పమని మా సహధర్మిణిని అడిగాము. ఆమె చాలాసేపు చెప్పింది. మేము విన్నాము.